ఎత్తింది మధ్యలో దించకూడదు

సామాను దించడంలో మేస్త్రీని మించినవాడు గోదాముల వీధి మొత్తంలో లేడని పేరు. ఇంట్లోవాళ్ల అభిప్రాయం వేరే ఉంది కానీ దాన్ని ఎవరూ అడగలేదు.

బరువు మోసేవాడు కూలీ, మోయకుండానే బరువును కిందికి రప్పించేవాడు మేస్త్రీ అని ఆయన అంటూ ఉంటాడు. భోజనాల దగ్గర కూడా అంటాడు. లారీలోంచి బస్తాల్ని దించడం దేనికి, బస్తాల కిందనుంచి లారీని లాగేస్తే పోలా అని ఒకరోజు ఆయనకు తట్టింది. బస్తాల వరసల చుట్టూ మోకు వేసి, దాని కొసను గోదాము వసారా స్తంభానికి బిగించి, డ్రైవరును ముందుకు పోనివ్వమన్నాడు. లారీ పోయింది. బస్తాలు గాల్లో ఒక్కక్షణం ఆలోచించుకుని కింద పడ్డాయి. పని రెప్పపాటులో అయిపోయిందని అందరూ వింతగా చెప్పుకున్నారు. రెండోసారి అదే చేస్తే బస్తాలు లారీలోనే కూర్చున్నాయి, స్తంభం లారీతో వెళ్లింది. తమ కింద స్తంభం లేదన్న సంగతి వసారా రేకులకు తెలియడానికి కాస్త సమయం పట్టింది. పద్ధతిలో లోపం లేదని, స్తంభం సరైనది కాదని మేస్త్రీ తేల్చాడు.

ఇంకో పద్ధతి టీ ఫ్లాస్కుది. పొద్దున్నే సరుకు ఎక్కించే చోట ఫ్లాస్కు నింపించి, దాన్ని లారీలో అన్నిటికన్నా లోపల, సరుకు వెనకాల పెట్టిస్తాడు. టీ కావాలంటే ముందున్న సరుకంతా దింపుకుంటూ పోవాలి. కూలీలు మారు మాట్లాడకుండా దింపుతారు. ఫ్లాస్కు దొరికేసరికి టీ చల్లారిపోయి ఉంటుంది, కానీ అప్పటికి లారీ ఖాళీ అయి ఉంటుంది.

అన్నిటికన్నా గొప్పది మాత్రం గుమాస్తా మీద కనిపెట్టిన పద్ధతి. గోదాము గుమాస్తాకు సరుకు దిగుతుంటే పక్కన నిలబడి అది ఇక్కడ, ఇది అక్కడ అని వేలు చూపించే అలవాటు ఉంది. ఆయన చూపించిన ప్రతి వేలికీ ఒక పెట్టె అటూ ఇటూ తిరిగి వస్తుంది. మేస్త్రీ ఒకరోజు రెండు గ్లాసుల నిండా వేడి టీ పోసి, "కాస్త పట్టుకోండి సార్, ఇప్పుడే వస్తా" అని గుమాస్తా రెండు చేతుల్లో పెట్టి వెళ్లిపోయాడు. రెండు చేతులూ నిండినవాడు వేలు చూపించలేడు. ఆ రోజు పని ఎప్పుడూ లేనంత త్వరగా తెమిలింది.

వీటన్నిటి మీదా మేస్త్రీ పెట్టుకున్న చట్టం ఒకటుంది. ఎత్తిన బరువును మధ్యలో దించకూడదు. దించితే మళ్లీ ఎత్తాలి, అంటే ఒక పనికి రెండు పనులు. కాబట్టి ఎత్తితే దాని చోటికి చేరాకే దించాలి. ఆయన ముఠాలో మధ్యలో ఆనించినవాడు ఆ రోజు అందరి ఎగతాళికీ ఒప్పుకోవాలి. ఆయన చేతులతో ఎత్తిన ఏ వస్తువూ సగం దారిలో నేలను తాకలేదని గోదాములో ఎవరినడిగినా చెబుతారు.

ఈ చట్టం గోదాముకు మంచిదే. ఇంటికి వచ్చేసరికి దానికి తోక మొలిచింది. ఏ వస్తువు మొదట ఎక్కడ దిగితే అదే దాని చోటు. ఇక జన్మలో కదలదు, కదిపితే మళ్లీ ఎత్తినట్టు కదా. పాత ఇంట్లో దిగినప్పుడు మేస్త్రీ తల్లి ఇనప బీరువా వంటగది తలుపుకు సగం అడ్డంగా దిగింది. చోటు అదే అయింది. ఇన్నేళ్లుగా ఇంటిల్లిపాదీ వంటగదిలోకి పక్కవాటుగా వెళ్లారు, పక్కవాటుగా వచ్చారు. కూతురు కడుపులో ఉన్నప్పుడు మేస్త్రీ భార్య పక్కవాటుగా పట్టక, నెలలు నిండేదాకా పొయ్యి బయటికి తెచ్చుకుని నడవలో వండింది. బీరువాను జరుపుదామని ఎవరూ అనలేదు. ఆమెకే ఆ ఆలోచన చాలా కాలం తరవాత వచ్చింది.

ఆమెను వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. ఆమె కుట్టుమిషను పాత ఇంట్లో మెట్ల కింద దిగింది. మెట్ల కింద కిటికీ లేదు, ఒక బల్బు ఉంది. ముదురు నీలం గుడ్డకు నలుపు దారం వేసి కుట్టి, ఎండలోకి తెచ్చాక విప్పుకున్న సందర్భాలు ఆమెకు చాలా ఉన్నాయి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు తలవంచి నిలబడేవాళ్లు, పై వాటావాళ్లు మెట్లు దిగితే జుట్టులో దుమ్ము రాలేది. రెండోసారి వచ్చేవాళ్లు తక్కువ. కళ్లు మండేవి. అద్దాలు మార్చినా మండాయి.

కొత్త ఇల్లు చూసినప్పుడు ఆమె ఇంకేం చూడలేదు, ముందు గది చూసింది. సందు వైపు పెద్ద కిటికీ. పొద్దున్నించీ సాయంత్రందాకా వెలుతురు. కూతురి బళ్లో పెద్ద టీచరు యూనిఫారాలన్నీ ఆమెకే ఇస్తానని మాటిచ్చింది, కానీ ముందు కుట్టే చోటు చూస్తానంది. "మెట్ల కిందైతే మాత్రం నావల్ల కాదమ్మా, పోయినసారి నా నెత్తిన సున్నం పెళ్ల పడింది" అని కూడా అంది. మిషను ఆ కిటికీ దగ్గర దిగితే టైలరమ్మకు పని ఉంటుంది. దిగకపోతే ఆ యూనిఫారాలు ఇంకెవరో కుడతారు. విషయం అంతే.

మేస్త్రీతో చెప్పింది. ఆయన "అలాగే, సామాను దిగనీ" అన్నాడు.

ఆయన అలాగే అన్నాడు కదా అని ఊరుకుంటే ఆమె ఆ ఇంట్లో ఇన్నేళ్లు కాపరం చేసినట్టే కాదు. పైగా ముందు గది మీద అత్తగారికీ కన్నుంది. లారీలో చివర ఎక్కింది మొదట దిగుతుంది. కాబట్టి పొద్దున సామాను ఎక్కించేటప్పుడు టైలరమ్మ దగ్గరుండి అత్తగారి బీరువాను అన్నిటికన్నా ముందు, లారీ లోపలికంటా, డ్రైవరు వీపు దగ్గరికి తోయించింది. దాని వెనక మంచాలు, పెట్టెలు, గిన్నెల మూటలు. చిట్టచివర, వెనక తలుపు దగ్గర, తన మిషను, గుడ్డ కత్తిరించే బల్ల. మిషను మీద దుప్పటి కూడా కప్పింది, జలుబు చేస్తుందేమో అన్నట్టు.

అత్తగారు వీధరుగు మీద కూర్చుని అంతా చూసింది. "నా బీరువాను అంత లోపలికి పెట్టించావా అమ్మాయ్, మంచిపని చేశావు. వాన పడినా తడవదు" అంది.

"అవునత్తయ్యా" అంది టైలరమ్మ.

ఆకాశంలో మబ్బుతునక లేదు.

లారీ గోదాముది. మధ్యాహ్నం లోడుకు తిరిగి అందజేస్తానని మేస్త్రీ యజమానికి మాటిచ్చి తెచ్చాడు. వెంట ముఠాలోంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన పొడుగ్గా ఉంటాడు కాబట్టి పొడుగు. ఇంకొకాయన ఎప్పుడూ ఏదో ఒకటి సణుగుతూ ఉంటాడు కాబట్టి నస. ఇద్దరికీ వేరే పేర్లు ఉండే ఉంటాయి, మేస్త్రీకి కూడా గుర్తులేవు.

కొత్త ఇంటి సందు ఇరుకు. లారీ ముందుకే దూరింది, వెనక్కి తిప్పుకునే వీల్లేదు. డ్రైవరు గుమ్మానికి ఎదురుగా ఆపితే లారీ ముందుభాగం ఇంటి దగ్గర, వెనక తలుపు మంగలి దుకాణం దగ్గర పడింది. వెనకనుంచి దించితే ప్రతి వస్తువునూ లారీ పొడుగునా మోసుకుని రావాలి. మేస్త్రీ దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, లారీని ఒకసారి, గుమ్మాన్ని ఒకసారి చూశాడు. ఆ చూపు టైలరమ్మకు తెలుసు. ఏదో ఒకటి తట్టబోతోంది.

"వెనకనుంచి దేనికి, పక్క పలక దించెయ్యండి" అన్నాడు మేస్త్రీ. "లారీ పక్కనుంచే లాగేద్దాం. గుమ్మానికి రెండడుగులు."

"పక్కనుంచైతే ముందు దిగేది ఏంటి మేస్త్రీ?" అన్నాడు నస.

"ఏది ఎదురొస్తే అది."

పొడుగు పక్క పలక గొళ్లేలు తీశాడు. పలక ధబ్బున దిగింది. దాని వెనకనుంచి, ఇందుకోసమే పొద్దున్నించీ కాచుకున్నట్టుగా, అత్తగారి బీరువా బయటపడింది.

అత్తగారు చెప్పులు విడిచి గుమ్మం ఎక్కబోతున్నదల్లా ఆగి, బీరువాను చూసి, కోడల్ని చూసి, "వెలుతురు తగిలింది దానికి" అంది.

"ఏవండీ, ముందు మిషను దించుదామా? నాజూకుది" అంది టైలరమ్మ.

"ఎదురుగా బీరువా పెట్టుకుని మిషను కోసం వెనక్కి వెళ్లడమేంటే, ఎవరన్నా నవ్వుతారు."

"ఒరే నాయనా, దాన్ని కిటికీ పక్కగా, తలుపు తూర్పుకు తెరుచుకునేట్టు..." అత్తగారు చెయ్యి ఎత్తి చూపించడం మొదలుపెట్టింది.

ఇద్దరాడవాళ్లూ వేళ్లు చూపించడానికి సిద్ధమయ్యారని మేస్త్రీకి అర్థమైంది. లారీలోంచి గోడ గడియారం అందుకుని తల్లి చేతుల్లో పెట్టాడు. "జాగ్రత్తమ్మా, లోలకం ఊడితే మళ్లీ దొరకదు." నిలువుటద్దం తీసి భార్య చేతుల్లో పెట్టాడు. "కాస్త పట్టుకో, ఇప్పుడే వస్తా."

అద్దం టైలరమ్మ గడ్డందాకా ఉంది. రెండు చేతులూ చాపితే గానీ పట్టు దొరకలేదు. కింద పెడితే రాళ్ల మీద పగులుతుంది, ఆనించడానికి దగ్గర్లో గోడ లేదు. తన చేతుల్లో ఉన్నది గుమాస్తా టీ గ్లాసులేనని ఆమెకు తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. సందులో పోయేవాళ్లు ఆగి ఆ అద్దంలో జుట్టు సవరించుకుని వెళ్లారు. ఒకాయన పళ్లు కూడా చూసుకున్నాడు.

"పెద్దమ్మా, ఇందులో బట్టలేమన్నా ఉన్నాయా?" అన్నాడు నస, బీరువా అంచు పట్టుకుని ఊపి చూస్తూ.

"బట్టలూ, ఇత్తడి సామానూ. ఖాళీ చెయ్యనివ్వలేదు మావాడు."

"ఖాళీ చేసి మోసి మళ్లీ సర్దితే మూడు పనులు. నిండుగా మోస్తే ఒకటే పని" అన్నాడు మేస్త్రీ.

"ఆ ఒక్క పనీ మేం చేస్తున్నాం కాబట్టి" అన్నాడు నస. అని పట్టుకున్నాడు. మేస్త్రీ గుమ్మం వైపు, వెనక్కి నడిచే వైపు పట్టుకున్నాడు. ఆయన గొప్పల్లో అదొకటి, కష్టమైన కొస ఎప్పుడూ తనే పట్టుకుంటాడు. ఎవరూ కాదనరు. బీరువా లేచింది. లోపల ఇత్తడి చెంబులు గలగలలాడాయి.

టైలరమ్మ అద్దం పైనుంచి మెడ తిప్పి జరిగేదంతా చూసింది. బీరువా గుమ్మం ఎక్కింది. ముందు గదిలోకి తిరిగింది. కిటికీ వైపు వెళుతోంది. ఆమె మెట్ల కింది బల్బును తలుచుకుంది. పెద్ద టీచరు నెత్తిన పడిన సున్నం పెళ్లను తలుచుకుంది. అద్దం పట్టుకునే ఇంట్లోకి నడిచింది. గుమ్మంలో అద్దాన్ని పక్కవాటుగా తిప్పి, తనూ పక్కవాటుగా తిరిగి దూరింది. ఆ విద్యలో ఆమెకు బోలెడంత అనుభవం. మేస్త్రీ వీపు కిటికీ దగ్గరికి చేరే లోపల ఆమె బీరువా దిగబోయే చోట, అద్దంతో సహా నిలబడింది.

మేస్త్రీకి వెనక అద్దం చల్లగా తగిలింది. ఆగాడు. ఆయన ఆగితే బీరువా ఆగింది, బీరువా ఆగితే పొడుగూ, నసా ఆగారు.

"ఏంటే అది?"

"అద్దం."

"పక్కకు జరుగు."

"ఎక్కడికి జరగను, పగులుతుంది."

"అయితే బయటికి వెళ్లు."

"వెళతాను. ముందు ఇది ఎవరి గదో చెప్పండి."

"దించాక మాట్లాడుకుందాం."

"దించాక మాట్లాడటానికేం ఉండదు. మీ సంగతి నాకు తెలీదా?"

ఇంతలో అత్తగారు గడియారాన్ని పసిబిడ్డలా పొదువుకుని వచ్చింది. "ఏమైంది, ఆపారెందుకు? అమ్మాయ్, నువ్వెందుకు మధ్యలో నిలబడ్డావ్?"

"మిషను ఇక్కడ పెట్టుకోవాలత్తయ్యా. ఈ వెలుతురు లేకపోతే నాకు పని రాదు."

"నా మంచం ఇక్కడ వేసుకోవాలి మరి. పాత ఇంట్లో గోడకేసి చూస్తూ పడుకున్నాను ఇన్నాళ్లూ. ఆ గోడ మీద చెమ్మ మరక ఎన్ని రకాలుగా పెరిగిందో నాకు తెలుసు. కాస్త మనుషుల్ని చూడకూడదా?"

అది అబద్ధం కాదు. టైలరమ్మకు ఆ మరక తెలుసు. కానీ ఆ మరక చూసి ఎవరూ యూనిఫారాలు ఇవ్వరు.

"మేస్త్రీ, కాసేపు ఆనించమంటారా?" అన్నాడు పొడుగు వినయంగా.

మేస్త్రీ పట్టు ఇంకా బిగించాడు. మెడ మీద నరం లేచింది. ఆనించమంటే రేపు గోదాముల వీధంతా తెలుస్తుంది. ఆ సంగతి పొడుక్కూ తెలుసు, అందుకే అంత వినయంగా అడిగాడు.

"మీరిద్దరూ ఒక మాటకొచ్చి చెప్పండి. త్వరగా" అన్నాడు మేస్త్రీ, ఊపిరి బిగపట్టి.

"మేమిద్దరం దీని గురించి ఎప్పుడు మాట్లాడుకున్నామని?" అంది టైలరమ్మ. "మీతోనే చెప్పాను. మీరు అలాగే అన్నారు."

అత్తగారు గడియారం వెనకనుంచి తల పైకెత్తింది. "దీనికీ అలాగే అన్నావా?"

మేస్త్రీ మొహాన చెమట కారింది. చేతుల్లో బీరువా ఉంది కాబట్టి మొహం తుడుచుకోవడానికి కూడా వీల్లేదు.

"నాతో ఏమన్నావ్ మరి? 'ముందు గది నీకు కాకపోతే ఎవరికమ్మా, సామాను దిగనీ' అన్నావా లేదా?"

"నాతోనూ సామాను దిగనీ అనే అన్నారు" అంది టైలరమ్మ.

అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరి చేతిలో గడియారం, ఒకరి చేతిలో అద్దం. ఇన్నాళ్లూ ఎదుటి మనిషి తన చోటు కాజేస్తోందనే ఇద్దరూ అనుకున్నారు. పొద్దున లారీ ఎక్కించడంలో పడిన తంటా అంతా అందుకే. ఇద్దరికీ ఒకే చోటును ఇచ్చిన మనిషి మధ్యలో నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

"మాతోనూ ఇంతేనమ్మా" అన్నాడు నస, బీరువా అవతలనుంచి. ఆయన మొహం కనిపించడం లేదు, గొంతు మాత్రం వస్తోంది. "పండక్కి సెలవంటే నాకూ అలాగే అన్నాడు, పొడుక్కీ అలాగే అన్నాడు. ఇద్దరం కొత్త బట్టలేసుకుని గోదాములో కలుసుకున్నాం."

"నువ్వు నోరు మూసుకో" అన్నాడు మేస్త్రీ.

"మూసుకుంటా. చేతులు జారుతున్నాయి, అది చెబుదామని."

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. లారీ వెనక ఒక కూరగాయల బండి, దాని వెనక ఒక ఆటో ఆగి ఉన్నాయి. కూరగాయలాయన కిటికీ దగ్గరికి వచ్చి, చువ్వల్లోంచి తొంగిచూసి, ఇంకా చాలాసేపు పట్టేట్టు ఉందా అని అడిగాడు. కిటికీ దగ్గర ఉన్నది టైలరమ్మే కాబట్టి ఆమే జవాబు చెప్పింది.

"మా ఆయన చేతిలో ఉంది."

అది ముమ్మాటికీ నిజం. కూరగాయలాయన బీరువాను చూసి తల పంకించి, చూడటానికి అక్కడే నిలబడ్డాడు.

"అత్తయ్యా, మీరు కాస్త ఆ పెట్టె మీద కూర్చోండి, గడియారం బరువు" అంది టైలరమ్మ.

"నాకేం బరువు లేదు. నువ్వే అద్దం పట్టుకుని ఎంతసేపు నిలబడతావు?"

"పర్లేదత్తయ్యా, తొందరేం లేదు."

"నాకూ తొందరేం లేదు" అంది అత్తగారు. కొడుకు వైపు తిరిగింది. "చెప్పు నాయనా. మేమేం అనం. నువ్వు ఏది చెబితే అది."

ఆ మాట మేస్త్రీ ఊహించలేదు. ఇద్దరూ పోట్లాడుకుంటే ఎవరో ఒకరు గెలుస్తారు, అప్పుడు ఆయన ఓడినవాళ్ల దగ్గరికి వెళ్లి 'నేనేం చెయ్యను మరి' అనవచ్చు. ఇన్నేళ్లుగా ఆ ఇల్లు అలాగే నడిచింది. గోదాములో ఎన్ని పద్ధతులు ఉన్నా, ఇంట్లో మాత్రం ఆయనకు ఉన్నది ఆ ఒక్కటే. ఇప్పుడు ఇద్దరూ పోట్లాట మానేసి, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలా మర్యాదగా ఆయన మొహం చూస్తున్నారు.

ఆయన కిటికీ వైపు చూద్దామంటే భార్య అడ్డం ఉంది. తల్లి వైపు చూద్దామంటే మెడ తిరగడం లేదు. చేతివేళ్ల కొసలు తెల్లబడ్డాయి. బీరువాలో ఒక చెంబు తనంతట తాను దొర్లి, ఎక్కడో తగిలి ఆగింది.

"మిషను" అన్నాడు మేస్త్రీ.

కూరగాయలాయన చువ్వలకు చెవి ఆనించాడు.

"మిషను ఇక్కడ. కిటికీ దగ్గర. అమ్మా, నీ బీరువా, మంచం వెనక గదిలో." బీరువాను మోకాలితో ఎగదోసుకున్నాడు. "నేనే చెబుతున్నాను. దాని పని దానికి కావాలి. నీకు మనుషుల్ని చూడాలనుంటే ఇక్కడికొచ్చి కూర్చో, ఎవరు వద్దన్నారు. పడుకున్నప్పుడు మనుషుల్ని ఎలాగూ చూడవు."

అలా అనడానికి కారణం న్యాయమా, వెనక గది తలుపు సూటిగా ఎదురుగా ఉండి బీరువాను తిప్పనక్కర్లేకపోవడమా అన్నది టైలరమ్మకు ఇప్పటికీ తెలియదు. ఆమె అడగలేదు. అడిగి తెలుసుకుంటే ఆ జవాబును ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో మళ్లీ ఆలోచించాలి.

అత్తగారు గడియారాన్ని ఇంకో చంకలోకి మార్చుకుంది. తరవాత, "సరే. చెప్పావు కదా, అది చాలు. మీ నాన్న ఆ మాత్రం కూడా చెప్పకుండానే పోయారు" అని, గడియారంతో సహా వెనక గదిలోకి దారి తీసింది. "రండి, తలుపు ఎటు తెరుచుకోవాలో నేను చూపిస్తాను. చేతులు ఖాళీ లేవు, నోటితో చెబుతాను."

"మోచేత్తో చూపించండి పెద్దమ్మా, చాలు" అన్నాడు నస.

బీరువా వెనక గదిలో దిగింది. దిగిన చప్పుడుకు పక్కింటి వాళ్లు బయటికి వచ్చారు. మేస్త్రీ రెండు చేతులూ ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. పొడుగు గోడకానుకుని కూర్చుని, మధ్యలో మాత్రం ఆనించలేదని గోడతో చెప్పాడు.

మిగతా సామాను ఎంత తొందరగా దిగిందంటే, ఏది ఎవరు దించారో ఎవరికీ గుర్తులేదు. లారీని పంపాలి, వెనక ఆటోవాడు అరుస్తున్నాడు, కూరగాయలాయన బండి వదిలేసి తనూ ఒక చెయ్యి వేశాడు. గిన్నెల మూట స్నానాల గదిలో దిగింది. దిండ్లు వంటింటి గట్టు మీద దిగాయి. టైలరమ్మ వాటినేం పట్టించుకోలేదు. మిషను దుప్పటితో సహా వచ్చింది. పొడుగు ఒక్కడే ఎత్తుకొచ్చి, "ఎక్కడ వదినా?" అని అడిగాడు. ఆమె అద్దాన్ని అప్పటికి గోడకు ఆనించింది కాబట్టి, వేలు పెట్టి చూపించింది.

పక్కవారం పెద్ద టీచరు వచ్చింది. గుమ్మంలో నిలబడి మొదట పైకప్పు చూసింది, తరవాత లోపలికి వచ్చింది. కిటికీ దగ్గర మిషను, దాని ఎడంపక్క కుర్చీలో అత్తగారు. పొద్దున కాఫీ తాగగానే అత్తగారు ఆ కుర్చీలోకి వచ్చేది, సందులో ఎవరు పోతున్నారో చెబుతూ ఉండేది. మంగలి దుకాణానికి ఎవరు ఎన్నిసార్లు వస్తున్నారో, ఎవరి జుట్టు అంత తొందరగా పెరగదో ఆమెకు లెక్క తెలిసిపోయింది.

"చోటు బాగుంది. వెలుతురు మాత్రం కాస్త తక్కువుందేం?" అంది పెద్ద టీచరు.

టైలరమ్మ అత్తగారిని చూసింది. వెలుతురు ఎడం చేతి వైపునుంచి సూది మీద పడాలి. అది అత్తగారి మొహం మీద పడుతోంది. వారం రోజులుగా ఆమె ఆ మాట ఎలా చెప్పాలా అని గింజుకుంటోంది. 'సామాను దిగనీ' అనడం ఎంత సులువో ఆమెకు ఈ వారంలోనే తెలిసింది.

"అత్తయ్యా" అంది. "కుర్చీ కుడిపక్కకు వేసుకుంటారా? మీ నీడ సూది మీద పడుతోంది."

అత్తగారు కుడిపక్క చూసింది. "అటైతే మంగలి దుకాణం కనిపించదు. కుళాయి ఒక్కటే కనిపిస్తుంది."

"కుళాయి దగ్గర ఆడవాళ్లుంటారు."

అత్తగారు ఆలోచించింది. "ఉంటారనుకో. కానీ వాళ్లు మాట్లాడేది వినపడదు."

"కిటికీ రెండో రెక్క కూడా తీస్తే వినపడుతుంది."

"అది బిగుసుకుంది కదా?"

"తీయించుకుందాం."

ఈలోగా నిండు గ్యాస్ సిలిండరు ఎత్తుకుని మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు. భుజం మీద తువ్వాలు, దాని మీద సిలిండరు. వంటింట్లోకి వెళ్లే దారిలో కత్తిరించే బల్ల, పెద్ద టీచరు, అత్తగారి కుర్చీ ఉన్నాయి.

"ఇది ఎక్కడ పెట్టను?" అన్నాడు.

"ఉండండి, కుర్చీ సంగతి తేలనివ్వండి" అంది టైలరమ్మ.

"కుళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయి, పొద్దున్నా సాయంత్రమా?" అంది అత్తగారు, కదలకుండా.

"రెండు పూటలా వస్తాయత్తయ్యా."

అత్తగారు లేచింది. కుర్చీని తనే కుడిపక్కకు లాక్కుంది. కూర్చుని చూసింది. మళ్లీ లేచి కాస్త వెనక్కి జరుపుకుంది. మళ్లీ కూర్చుంది. వెలుతురు వచ్చి మిషను మీద పడింది. పెద్ద టీచరు నీలం గుడ్డ మూట విప్పి బల్ల మీద పరిచింది. టైలరమ్మ ఆ గుడ్డ మీద దారాలు ఒక్కొక్కటీ పెట్టి చూడటం మొదలుపెట్టింది. నలుపు కాదు. ఇది కాదు. ఇదీ కాదు. ఇది ముదురు నీలం.

మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.